పొద్దున సఫారీనా, సాయంత్రం సఫారీనా? ఒక్కటే ఉంటే ఏది మేలు?

నేను ఆరేళ్ళు కర్ణాటకలో నాగరహొళె అడవికి కబిని వైపు సఫారీ గైడ్‌గా చేశానని బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళకి తెలిసిన దగ్గర్నుంచి లిఫ్ట్‌లో కనబడినా ఇదే ప్రశ్న, "అన్నా, ఒక్క సఫారీకే బడ్జెట్ ఉంది, పొద్దున వెళ్ళాలా సాయంత్రం వెళ్ళాలా?" అని. పోయిన వారం కుప్పం నుంచి మా బాబాయ్ కూడా ఫోన్ చేసి అదే అడిగాడు, పిల్లలకి పులి చూపించాలంట. ఇంక రాసేస్తున్నా, ప్రతిసారీ మొదట్నుంచి చెప్పలేక.

కబినీనా, దాని పక్క అడవి బందీపూరా అనే గొడవ ఇందులో పెట్టట్లేదు. 2022 పులుల లెక్కల్లో బందీపూర్‌లో 150 పులులు, కబిని ఉన్న నాగరహొళెలో 141, పెద్ద తేడా ఏముంది. మధ్యలో కబిని రిజర్వాయర్ నీళ్ళున్నాయి కానీ పులికి అవి అడ్డమా, ఈదుకుంటూ పోతుంది.

పొద్దున్నే మేలని అందరూ అంటారు, అది తప్పేం కాదు. రాత్రిపూట పెద్దపులి మన జీప్ దారి మీదే నడుస్తుంది, లంటానా పొదల ముళ్ళ మధ్య దూరడం కంటే మెత్తటి దుమ్ములో నడవడం దానికీ హాయే కదా. నిన్న సాయంత్రం మన టైరు పడిన అచ్చు మీద పులి అడుగు ఉందంటే అది రాత్రి వెళ్ళిందని లెక్క, అడుగు అంచులు ఇంకా చెదరకుండా ఉంటే ఇప్పుడే, ఇటే ఎక్కడో ఉందని లెక్క. పులిని చూసి మిగతా జంతువులు అరిచే అరుపులు కూడా చల్లగాలిలో బాగా దూరం వినిపిస్తాయి. చుక్కల దుప్పి అరుపుని నేను పెద్దగా నమ్మను, అది ఊరికే బెదిరి కూడా అరుస్తుంది. కణితి, అంటే సాంబార్ అనే పెద్ద జింక, అరిచిందంటే మాత్రం ఇంజన్ ఆపించేస్తా, కణితి ఊరికే అరవదు.

కాకపోతే పొద్దున అసలు టైమంతా మొదటి ముప్పావు గంటే. ఎండ ఎక్కేకొద్దీ పులి లోపలికి పోతుంది, మిగతా రెండు గంటలు దుప్పులు, నెమళ్ళు, అడవిదున్నలు. పైగా ఆ అడుగులు కనబడేది గేట్‌లోకి ముందు వెళ్ళిన బండికే, వెనక బండివాళ్ళకి దుమ్మే. ఒకసారి మా బండిలో ఒక ఫ్యామిలీ టీ తాగి వస్తామని పదిహేను నిమిషాలు లేట్ చేశారు, మేము వెళ్ళేసరికి ముందు బండివాళ్ళు ఫోటోలు చూసుకుంటున్నారు. తిట్టలేం కదా గెస్ట్‌లని, నవ్వుతూ నిలబడ్డా.

ఇప్పుడు సాయంత్రం. నా లెక్కలో తేల్చేది వెలుతురు కాదు, ఎండ కాదు, మధ్యాహ్నం కబురు. పొద్దున వెళ్ళొచ్చిన గైడ్లు, డ్రైవర్లు అందరూ మధ్యాహ్నం భోజనం దగ్గర చేరతారు, అక్కడ చెప్పుకునేదంతా ఇదే, ఏ చెరువు దగ్గర కొండముచ్చులు అరిచాయి, అడుగులు రోడ్డు దాటి ఎటు దిగాయి, కాకులు ఎక్కడ వాలుతున్నాయి. పులి ఒక కణితిని కొట్టిందంటే వదిలేసి పోదు, రెండు మూడు రోజులు ఆ చుట్టుపక్కలే తింటూ పడుకుంటూ ఉంటుంది. పగలు పెద్దగా కదలదు కూడా, అందుకే పొద్దున తెచ్చిన కబురు సాయంత్రానికీ పనికొస్తుంది. అదే సాయంత్రం తెచ్చిన కబురు మర్నాడు పొద్దునకి పాతబడిపోతుంది, రాత్రిపూట అది పది కిలోమీటర్లు కూడా నడిచేయగలదు మరి.

ఏప్రిల్‌లో ఒకరోజు ఇలాగే పొద్దున ఆడపులి అడుగులు ఒక చిన్న చెరువు వైపు దిగాయని తెలిసింది. మా డ్రైవర్ జేను కురుబ అనే గిరిజన తెగ మనిషి, ఆ అడవిలోనే పుట్టినవాడు, తిన్నగా తీసుకెళ్ళి చెరువు గట్టున నీడలో బండి ఆపేశాడు. యాభై నిమిషాలు కదల్లేదు. వెనక సీట్లో ఒకాయన "ఇది సఫారీనా పార్కింగా" అన్నాడు కూడా. అంతలో కణితి ఒక్కసారి అరిచింది, ఆగి మళ్ళీ అరిచింది, ఇక లంటానాలోంచి వచ్చింది చూడండి. నీళ్ళ దగ్గరికొచ్చి వెనక్కి తిరిగి, తోక ముందు దింపి మెల్లగా రివర్స్‌లో కూర్చుంది, మెడ దాకా. కళ్ళలో నీళ్ళు పడటం పులికి ఇష్టం ఉండదు, అందుకే అలా దిగుతుంది. పార్కింగ్ అన్నాయన ఫోటో తీయడం కూడా మర్చిపోయాడు.

చిరుతకైతే సాయంత్రమే ఇంకా నయం. పగలంతా నల్లమద్ది చెట్టు కొమ్మ మీద పడుకుని, చీకటి పడే ముందు దిగుతుంది, ఆ టైంలో వేలాడే తోక వెతకాలి, చిరుతని కాదు. నల్ల చిరుత కోసం వచ్చేవాళ్ళకి ఒక మాట, అది వేరే జంతువు కాదు, మామూలు చిరుతే, రంగు నలుపు, ఎండ పడితే మచ్చలు కూడా కనిపిస్తాయి. ఒక్క సఫారీలో అది కనబడాలంటే లాటరీయే.

సాయంత్రానికి ఉన్న జబ్బల్లా గేట్ టైము. సరిగ్గా అరుపులు మొదలయ్యేసరికి మనం వెనక్కి తిరగాలి, దారిలో ఏనుగు అడ్డం నిలబడితే ఇంకా టెన్షన్. అలా అరుపు వింటూ వెనక్కి వచ్చిన రోజులు నాకు బోలెడు.

బోట్ సఫారీ ఏనుగులకీ మొసళ్ళకీ పక్షులకీ బాగుంటుంది, పులి కోసం ఎక్కొద్దు. బెంగళూరు పక్కనున్న బన్నేరుఘట్ట పార్కుది కంచె లోపలి సఫారీ, చిన్నపిల్లలుంటే వెళ్ళండి, అంతే.

బెంగళూరు నుంచి వెళ్ళేవాళ్ళకి ఇంకో సుఖం, మైసూర్ ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక తెల్లారి ఆరింటికి బయల్దేరినా మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు, సాయంత్రం సఫారీకి తొందర ఉండదు. ఒకటి మాత్రం చూసుకోండి, 2025 నవంబర్‌లో మనుషుల మీద పులి దాడులు జరిగాక రెండు అడవుల్లోనూ సఫారీలు ఆపేశారు, కాబట్టి డబ్బులు కట్టే ముందు సఫారీ నడుస్తోందో లేదో అడగండి.

బాబాయ్‌కి మే నెల, సాయంత్రం అని చెప్పా. మీరు డిసెంబర్‌లో వెళ్తుంటే మాత్రం నా మాట పక్కన పెట్టి పొద్దున్నే వెళ్ళండి, అప్పుడు అడవంతా నీళ్ళే, చెరువు దగ్గర కాపు కాసినా లాభం లేదు. మంకీ క్యాప్ మర్చిపోవద్దు, ఓపెన్ జీప్‌లో చెవులు పగిలిపోతాయి.