ఒంగోలు ఆవా, ముర్రా గేదెనా?

కొట్టంలో ఒక్క పశువుకే చోటుంటే ఏది మేలు?

ఖర్చు: ముర్రాకు దాణా, పచ్చిమేత రోజూ తప్పవు. ఒంగోలు ఆవు చొప్ప, వరిగడ్డితోనూ నెట్టుకొస్తుంది.

రాబడి: ముర్రాదే పైచేయి. పాలకేంద్రంలో వెన్నశాతం చూసి ధర కడతారు. గేదె పాలలో అది 7 దాకా ఉంటుంది, ఆవు పాలలో 4-5. ఒంగోలుకు పేరొచ్చింది దుక్కి ఎద్దులతో. ఇప్పుడు దుక్కి ట్రాక్టర్‌ది, కోడెదూడ పుడితే అమ్ముకోవడం కష్టం. బ్రెజిల్‌లో ఇదే జాతిని నెలోర్ పేరుతో కోట్లలో పెంచుతుంటే, మన ఊళ్లలో తగ్గిపోవడం నిజంగా బాధ.

టెన్షన్: వేసవిలో గేదెది మూగ ఎద. ఎదకొచ్చినా అరవదు, మానం నుంచి కారే జిగురు తీగ సరిగా కనిపించదు. చూడి కట్టించే అదను ఒకసారి తప్పితే మళ్లీ 21 రోజులు ఆగాలి. ఎండకు తట్టుకోలేదు, మధ్యాహ్నం ఒంటిమీద నీళ్లు పోయాల్సిందే.

బోరు, పచ్చిమేత, దగ్గర్లో పాలకేంద్రం ఉంటే ముర్రా. మెట్టపొలం ఉండి, ఇంటికి పాలు, చేనుకు పేడ చాలనుకుంటే ఒంగోలు.