ఎప్కాట్‌లో పాత లివింగ్ సీస్: ఇన్నేళ్ల తర్వాత నా రివ్యూ

ఓర్లాండో ట్రిప్ ప్లాన్ చేసుకునే మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: డిస్నీ వాళ్ల ఎప్కాట్ పార్కులో నీమో అక్వేరియం చూడటానికి టైమ్ పెట్టొచ్చా? పెట్టొచ్చు, నిశ్చింతగా వెళ్లండి. కాకపోతే అదే భవనంలో ఇంతకుముందు లివింగ్ సీస్ అనే సముద్ర ప్రదర్శన ఉండేది. అది ఇంతకంటే చాలా గొప్పగా ఉండేది. నేను ఉండేది టాంపాలో. ఏడాది పాస్ ఉండటం వల్ల 1990ల నుంచి ఆ భవనం ఎత్తిన అవతారాలన్నీ చూస్తూ వచ్చాను. పెళ్లికి ముందు రూమ్మేట్లతో, తర్వాత పిల్లలతో, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలతో అక్కడికి వెళ్తూనే ఉన్నాను. పాతదాని గురించి తెలుగులో రాసినవాళ్లు నాకు ఎవరూ కనబడలేదు కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఎప్కాట్ 1982 అక్టోబర్ 1న మొదలైంది. లివింగ్ సీస్‌ను 1986 జనవరి 15న తెరిచారు. స్పాన్సర్ యునైటెడ్ టెక్నాలజీస్. ఓటిస్ లిఫ్టులు, క్యారియర్ ఏసీలు, ప్రాట్ అండ్ విట్నీ విమాన ఇంజన్లు అప్పట్లో ఆ గ్రూపువే. ట్యాంకులో పట్టే నీళ్లు 57 లక్షల గ్యాలన్లు, మన లెక్కలో రెండు కోట్ల లీటర్ల పైమాటే. వ్యాసం 203 అడుగులు, లోతు 27 అడుగులు. తెరిచిన నాటికి ప్రపంచంలో మనిషి కట్టిన ఉప్పునీటి అక్వేరియంలలో అదే పెద్దది. 2005లో అట్లాంటాలో జార్జియా అక్వేరియం వచ్చాక ఆ పేరు పోయింది. ఆ ట్యాంక్ మాత్రం ఈ రోజుకీ అలాగే ఉంది. సొరచేపలు, తాబేళ్లు, రే చేపలు, మనుషులు తయారుచేసిన పగడపు దిబ్బలు, అన్నీ ఉన్నాయి. పోయిందల్లా ఆ ట్యాంక్ దగ్గరికి మనల్ని తీసుకెళ్లిన పద్ధతి. నా దృష్టిలో అసలు విలువంతా అందులోనే ఉండేది.

ఆ పద్ధతి ఎలా ఉండేదంటే, భవనం బయట రాళ్లు, వాటి మీద విరిగిపడే అలలు. లోపల మసక వెలుతురులో మెలికలు తిరిగే క్యూ. గోడల వెంట మనిషి సముద్రంలోకి దిగడానికి పడిన పాట్లన్నీ వరసగా పెట్టారు. పాతకాలపు డైవింగ్ సూట్లు, గంట ఆకారంలో నీళ్లలోకి దింపే డైవింగ్ బెల్, అలాంటివన్నీ. లైన్లో నిలబడే టైమ్‌ను కూడా వాళ్లు వృథా చేయనివ్వలేదు. ఇప్పుడు క్యూల్లో అందరం ఫోన్లు చూసుకుంటున్నాం గానీ, అప్పుడు ఆ గాజు పెట్టెల ముందు ఆగి చదివేవాళ్లం. వెనకవాళ్లు కదలమంటే కదిలేవాళ్లం.

తర్వాత థియేటర్‌లో ఓ చిన్న సినిమా, ఏడు నిమిషాలు ఉండేదేమో. అగ్నిపర్వతాలతో మండుతున్న భూమి, పైకి లేచిన ఆవిరి మేఘాలు కట్టడం, ఆగకుండా కురిసిన వాన, అందులోంచి పుట్టిన సముద్రాలు. చీకట్లో ఆ వాన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. చేపలు చూద్దామని వచ్చినవాళ్లకు ఇంత ముందు కథ ఎందుకని కొందరు విసుక్కునేవారు. నాకు మాత్రం కచేరీకి ముందు శ్రుతి చూసుకున్నట్టు ఉండేది. బయటి ఎండ, పార్కింగ్, పిల్లల స్ట్రోలర్ గొడవ మనసులోంచి పోయి, మనిషి నీళ్ల కోసం సిద్ధమయ్యేవాడు.

సినిమా అయ్యాక తలుపులు తెరుచుకుంటే ఎదురుగా మూడు హైడ్రోలేటర్లు. చూడటానికి లిఫ్టుల్లాగే ఉండేవి. అందరం లోపలికి వెళ్లాక తలుపులు మూసుకునేవి. కాళ్ల కింద నేల సన్నగా వణికేది. పక్క అద్దాల్లోంచి చూస్తే బుడగలు పైకి వెళ్తుంటాయి, రాతి గోడ పైకి జరుగుతుంటుంది. మనం సముద్రపు అడుగుకు దిగిపోతున్నాం! నిజానికి అది దిగేదే కాదు. నేల కొద్దిగా కదిలేది, గోడను పైకి తిప్పేవారు, అంతే. ట్యాంక్ కూడా భూమి కింద లేదు. కానీ ఎదురు వైపు తలుపు తెరుచుకుని అవతల నీలం వెలుగు కనబడే క్షణానికి నమ్మకం కుదిరిపోయేది.

మా నాన్నది భీమిలి. పుట్టి పెరిగిందంతా సముద్రం ఒడ్డునే. తెప్పల మీద వేటకు వెళ్లేవాళ్లతో కలిసి తిరిగిన మనిషి, అలను చూసి గాలి ఎటు తిరుగుతుందో చెప్పేవారు. ఆయన మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు డిస్నీ కోట దగ్గర పెద్దగా పట్టించుకోలేదు. హైడ్రోలేటర్‌లో మాత్రం నా మోచెయ్యి పట్టుకుని, "ఎన్ని అడుగులు దిగాం రా?" అని మెల్లగా అడిగారు. పక్కవాళ్లు వింటారని నేనేమీ చెప్పలేదు. రాత్రి ఇంటికొచ్చాక అసలు సంగతి చెబితే కాసేపు ఆలోచించి, "అలాగా! నాకు చెవుల్లో ఒత్తిడి కూడా తెలిసిందిరా" అన్నారు. కాస్త వణికే నేల, కదిలే ఒక గోడ, కొన్ని బుడగలతో అంత పని చేయించారంటే కట్టినవాళ్లకు దండం పెట్టాలి.

హైడ్రోలేటర్ దిగాక సీ క్యాబ్‌లు. ఇద్దరిద్దరు కూర్చునే చిన్న బండ్లు, ఆగకుండా నెమ్మదిగా కదిలే వరస. ట్యాంక్ మధ్యలోంచి వెళ్లే సొరంగంలో మూడు నిమిషాల ప్రయాణం. పాటలు లేవు, బొమ్మలు లేవు. అద్దం అవతల ఆ రోజు ఆ నిమిషంలో ఏ చేప వస్తే అదే షో. ఒక్కోసారి సొరచేప మనకు సమాంతరంగా చాలాసేపు వచ్చేది. ఒక్కోసారి ఏదీ రాదు, ఉత్త నీళ్లే. ఆ ఉత్త నీళ్లు కూడా నాకు నచ్చేవి, సముద్రం నిజంగా అలాగే ఉంటుంది కాబట్టి.

చివరికి చేరేది సీ బేస్ ఆల్ఫా. సముద్రపు అడుగున కట్టిన పరిశోధనా కేంద్రం అన్నమాట. ఇది ఊరికే కల్పించిన కథ అనుకోవద్దు. 1962లో ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో బృందం ఫ్రాన్స్‌లోని మార్సెయ్ దగ్గర నీటి అడుగున ఇల్లు దింపి మనుషులను ఉంచింది. 1964లో అమెరికా నేవీ సీల్యాబ్ ప్రయోగాలు మొదలుపెట్టింది. ఫ్లోరిడా కీస్‌లో అక్వేరియస్ అనే ప్రయోగశాల 1990ల నుంచి సుమారు 60 అడుగుల లోతులో ఉంది. రేపు మనుషులు సముద్రంలో కాపురం ఉంటారన్న ఆశ అప్పట్లో చాలా గట్టిగా ఉండేది. ఆ ఆశను మామూలు కుటుంబాలు టికెట్ కొనుక్కుని నడిచి చూసేలా కట్టిన చోటే సీ బేస్ ఆల్ఫా.

అందులో మా అబ్బాయికి ప్రాణం జిమ్ సూట్. పసుపు రంగులో మనిషి కంటే పెద్దగా ఉండే డైవింగ్ కవచం. వెనక నుంచి చేతులు దూర్చి, లోపలి పట్టీలు కదిపితే బయటి పంజాలు తెరుచుకుని మూసుకునేవి. వాటితో చిన్న చిన్న పనులు చేయాలి. పెద్దవాళ్లకే కష్టంగా ఉండేది. ఈ కవచంలో ఒత్తిడి పైన గాలిలో ఉన్నంతే ఉంటుంది. అందుకని ఎంత లోతు నుంచి వచ్చినా డైవర్ గంటల తరబడి ఆగి ఆగి పైకి రావాల్సిన పని లేదు. 1979లో సిల్వియా ఎర్ల్ అనే శాస్త్రవేత్త ఇలాంటి సూట్ వేసుకునే హవాయిలో ఒవాహు దీవి దగ్గర 1,250 అడుగుల లోతున సముద్రపు నేల మీద నడిచారు. ఈ సంగతి తెలిశాక మావాడు ఆ సూట్ దగ్గర నుంచి కదిలేవాడు కాదు. వెనక పిల్లలు క్యూలో నిలబడితే మళ్లీ చివరికి వెళ్లి నిలబడేవాడు.

బేస్ మధ్యలో నిలువుగా ఒక గాజు గది ఉండేది. డైవర్ అందులో నిలబడితే నీళ్లు మోకాళ్లు, నడుము, భుజాలు దాటి తల మీదికి నిండేవి. నిండగానే ఆయన చెయ్యి ఊపి ట్యాంక్‌లోకి ఈదుకుంటూ వెళ్లిపోయేవాడు. పక్కన ఒక ఉద్యోగి మైక్‌లో ఎందుకిలా చేస్తారో వివరించేవారు. పిల్లలు ఎంత పిచ్చి ప్రశ్న వేసినా ఓపిగ్గా జవాబు చెప్పేవారు. నేను అక్కడ కలిసినవాళ్లలో చాలామందికి సముద్ర జీవశాస్త్రం బాగా తెలుసు. ఈ ఒక్క మంచి అలవాటు ఇప్పటికీ పోలేదు.

మానటీలు అప్పుడూ ఉండేవి, ఇప్పుడూ ఉన్నాయి. ఫ్లోరిడా నదుల్లో, తీరాల్లో బతికే ఈ పెద్ద జంతువులను గాయపడ్డప్పుడు కాపాడి తీసుకొచ్చి ఇలాంటి చోట్ల పెంచుతారు. వాటి ముందు కాసేపు నిలబడండి. నీటి మీద తేలే లెట్యూస్ ఆకును పట్టుకోవడానికి పై పెదవి రెండుగా చీలినట్టు అటొకటి ఇటొకటి విడిగా కదులుతుంది. మీసాల్లాంటి గరుకు వెంట్రుకలతో ఆకును తడుముతుంది, మెల్లగా లోపలికి లాక్కుంటుంది, మళ్లీ ఇంకో ఆకు. తొందర అన్నది వాటికి తెలియదు. మా ఆవిడ అక్కడ బెంచీ మీద కూర్చుంటే లేపడం మా వల్ల అయ్యేది కాదు.

1998లో స్పాన్సర్‌షిప్ ముగిసింది. 2000ల మొదట్లో సీ క్యాబ్‌లు ఆగిపోయాయి. కొన్నేళ్లు ఆ భవనం సగం ప్రాణంతో ఉంది. హైడ్రోలేటర్ దిగి నేరుగా బేస్‌లోకి నడిచి వెళ్లేవాళ్లం. 2003లో ఫైండింగ్ నీమో అనే యానిమేషన్ సినిమా వచ్చింది, 2004 నవంబర్‌లో ఆ సినిమాలోని తాబేలు పిల్లలతో మాట్లాడే టర్టిల్ టాక్ షో మొదలైంది. ఆ తర్వాత హైడ్రోలేటర్లు, పాత సినిమా రెండూ పోయాయి. 2007 జనవరిలో మొత్తం భవనం ద సీస్ విత్ నీమో అండ్ ఫ్రెండ్స్ అయింది.

కొత్తదాన్ని తీసిపారేయను. టర్టిల్ టాక్ నిజంగా మంచి పని. తెర మీద తాబేలు మా అమ్మాయిని చూసి, తను వేసుకున్న గౌను రంగు చెప్పి, అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు జవాబిచ్చింది. అది రికార్డు చేసిన సినిమా కాదు, వెనక ఒక నటుడు అప్పటికప్పుడు మాట్లాడుతుంటాడు. సిగ్గుపడే పిల్ల కూడా లేచి మాట్లాడింది. సీ క్యాబ్‌ల చోట ఇప్పుడు ముత్యపు చిప్పల ఆకారంలో బండ్లు తిరుగుతాయి. చివర్లో నీమో, డోరీల బొమ్మలు నిజమైన ట్యాంక్ చేపల మధ్య ఈదుతున్నట్టు కనిపించడం చాలా తెలివైన ఏర్పాటు. పిల్లలు కేరింతలు కొడతారు.

అయినా నా బాధ ఒకటుంది. బండి దిగి బేస్‌లోకి వచ్చిన పిల్లలు అద్దం దగ్గరికి పరిగెత్తి "నీమో ఎక్కడ?" అని వెతుకుతారు. ఆరెంజ్ చేప కనబడగానే ఆట అయిపోతుంది, బయటికి లాగుతారు. ఎదురుగా వెళ్తున్న సొరచేపను, తాబేలును ఒక్క చూపు చూసి వదిలేస్తారు. పాత దారిలో వచ్చినవాళ్లు ఏదో ఒక్క చేప కోసం వెతికేవాళ్లు కాదు. తాము ఎక్కడికో వచ్చామన్న స్పృహతో నిలబడి, ఏది ఎదురైతే దాన్ని చూసేవాళ్లు. పిల్లల తప్పేం లేదు, వాళ్లకు ముందే చెప్పిన కథ అది. ఇంత పెద్ద ట్యాంక్‌కు ఒక సినిమాలోని నాలుగైదు పాత్రలు చాలవని నా గట్టి అభిప్రాయం. పాత్రలు ఉండనివ్వండి, వాటితో పాటు హైడ్రోలేటర్ ఒక్కటి తిరిగి పెట్టినా సంతోషిస్తాను. ఖర్చు కూడా పెద్దగా కాదనుకుంటా.

పోయినసారి ఇండియా వెళ్లినప్పుడు పిల్లలను వైజాగ్ ఆర్కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామికి తీసుకెళ్లాను. నిజంగా సముద్రం అడుగున తిరిగి వచ్చి, 2002 నుంచి మ్యూజియంగా ఒడ్డున ఉంది. ఇరుకైన గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతూ మావాడు, ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్న పెద్దవాడు, "నాన్నా, సీ బేస్‌లో ఇలాంటి తలుపులే కదా!" అన్నాడు. చెల్లికి ఆ మాట అర్థం కాలేదు, తను చూసింది నీమోనే కాబట్టి. విమానంలో తిరిగి వస్తూ వాడే దానికి అంతా వర్ణించి చెప్పాడు.

ఇక ఇప్పుడు వెళ్లేవాళ్లకు. రైడ్ అయిపోగానే గిఫ్ట్ షాప్ వైపు నడవకండి. పై అంతస్తుకు ఎక్కండి. అక్కడి నుంచి ట్యాంక్ మధ్యలోకి చొచ్చుకెళ్లే అబ్జర్వేషన్ గది ఉంది, చాలామంది దాన్ని చూడకుండానే వెళ్లిపోతారు. మూడు వైపులా నీళ్లే. పొద్దున్నే జనం తక్కువగా ఉన్నప్పుడు వెళ్తే మంచిది. లేదా మధ్యాహ్నం ఎండకు తట్టుకోలేనప్పుడు, ఏసీ చల్లగా ఉంటుంది, ఎంతసేపున్నా ఎవరూ పొమ్మనరు. చేపలకు మేత వేసే టైమ్ అక్కడి ఉద్యోగులను అడగండి, సంతోషంగా చెబుతారు. పక్కనే ఉన్న కోరల్ రీఫ్ రెస్టారెంట్‌కు వెళ్తే ట్యాంక్ అద్దం పక్క టేబుల్ కావాలని ముందే అడగండి. శాకాహారులకు మెనూలో పెద్దగా ఏమీ దొరకదు, అయినా ఆ దృశ్యం కోసం ఒకసారి కూర్చోవచ్చు. దగ్గర్లోనే 2023లో మోవానా అనే డిస్నీ సినిమా పేరుతో నీళ్ల నడకదారి ఒకటి తెరిచారు. పిల్లలు తడుస్తారు, మారు బట్టలు ఉంచుకోండి.

మార్కులు అడిగితే, పాత లివింగ్ సీస్‌కు అయిదుకు అయిదు. ఇప్పటిదానికి మూడున్నర, అందులో ఒకటి పూర్తిగా మానటీలదే.