పుట్టించిన కోడ్‌కు ఏ దారి: ఆర్గ్ మోడా, కాగ్ టూలా?

అమలాపురంలో మా కాలువ కింది రైతుల కోసం నీటి వంతుల పట్టిక చూపే చిన్న ప్రోగ్రాం రాశాను. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల జాబితా కోడ్‌లోనూ ఉండాలి, వాడేవాళ్ల కోసం రాసిన పత్రంలోనూ ఉండాలి. చేత్తో రాస్తే ఒకచోట మార్చి రెండోచోట మరిచిపోతాం. అందుకని, ఒకేచోట రాసి మిగతా చోట్లకు దాన్నుంచే పుట్టించే ఈ రెండు దారులూ వాడి చూశాను.

ఈమాక్స్ అనే ఎడిటర్‌లోని ఆర్గ్ మోడ్‌లో వివరణ, కోడ్ ఒకే ఫైల్లో రాస్తాం. టాంగిల్ చేస్తే కోడ్ ముక్కలు వాటి వాటి ఫైళ్లలోకి వెళ్తాయి. లెక్క ఎందుకలా కట్టామో పక్కనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత తెరిచినా అర్థమవుతుంది. అది నాకెంతో ఇష్టం. కానీ పుట్టిన ఫైల్‌ను ఎవరైనా నేరుగా దిద్దితే, మళ్లీ టాంగిల్ చేయగానే ఆ దిద్దుబాటు చడీచప్పుడూ లేకుండా పోతుంది. డీటాంగిల్‌తో వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, అందుకు ఏ ముక్క ఎక్కడిదో చెప్పే లింకు కామెంట్లు (ప్రోగ్రాం నడిచేటప్పుడు లెక్కలోకి రాని వ్యాఖ్యలు) ముందే పెట్టుకుని ఉండాలి.

నెడ్ బాచెల్డర్ రాసిన కాగ్ అనే టూల్ ఏ ఎడిటర్‌తోనైనా పనిచేస్తుంది. పైథాన్ భాషలో రాసిన కోడ్ ముక్కను కామెంట్‌లో పెడితే, దాని ఫలితం కిందనే, గుర్తుల మధ్య వచ్చి కూర్చుంటుంది. చెక్‌సమ్ (ఫలితం మారిందో లేదో పట్టిచ్చే గుర్తు సంఖ్య) ఆప్షన్ పెడితే చేత్తో ముట్టిన ఫలితాన్ని చెరపకుండా తప్పు చూపి ఆగుతుంది. మా తమ్ముడు నోట్‌ప్యాడ్‌లో ధవళేశ్వరం స్పెల్లింగ్ దిద్దినప్పుడు సరిగ్గా అలాగే ఆగింది. ఆ దిద్దుబాటును అసలు జాబితాలోకి ఎక్కించి, పాత చెక్‌సమ్ తీసేసి మళ్లీ నడిపాను.

నలుగురు చేయి పెట్టే పట్టికలకు నా ఓటు కాగ్‌కే. వంతుల లెక్క మాత్రం ఇప్పటికీ ఆర్గ్‌లోనే ఉంది.