డార్విన్ పావురాల ఉత్తరాలు: ఏళ్ల తరబడి చదివాక

ఒక్క ముక్కలో చెప్పమంటే, ఈ ఉత్తరాలను కింద ఉన్న ఫుట్‌నోట్ల కోసం చదవండి అంటాను. డార్విన్ ఎవరో, ఏం చెప్పాడో అందరికీ తెలిసిందే కాబట్టి దాని జోలికి పోను. కేంబ్రిడ్జిలో 1974లో మొదలైన డార్విన్ కరస్పాండెన్స్ ప్రాజెక్టు 2023లో 30వ సంపుటంతో ముగిసింది. ఉత్తరాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. 15 వేలు దాటిన ఆ ఉత్తరాల్లో నేను మళ్లీ మళ్లీ వెళ్లేది 1855లో మొదలయ్యే పావురాలు, కోళ్ల దగ్గరికే.

ఫుట్‌నోట్లంటే అంత ఇష్టం ఎందుకో చెప్తాను. డార్విన్ తన ఉత్తరాల మీద చాలాసార్లు తేదీ, నెల వేసి సంవత్సరం వదిలేసేవాడు. ఆ సంవత్సరాన్ని సంపాదకులు తేల్చి బ్రాకెట్లలో పెట్టారు, ఎలా తేల్చారో కింద రాశారు. ఒక ఉత్తరంలో అడిగిన పక్షి ఇంకో ఉత్తరంలో ఇంటికి చేరిందంటే ఇది ముందుది, అది తర్వాతది. అలా ఒకదానితో ఒకటి ముడిపెట్టుకుంటూ వెళ్లారు. ఇంకో కష్టం కూడా ఉంది. డార్విన్ తనకొచ్చిన ఉత్తరాలను విషయాలవారీగా ముక్కలు కత్తిరించి ఫైళ్లలో పెట్టుకునేవాడు. ఆ ముక్కల్ని వెతికి కలిపి, అంచుల్లో ఆయన గీసిన గీతలతో సహా అచ్చు వేశారు. ఏ వాక్యం దగ్గర ఆయన ఆగాడో మనకీ కనిపిస్తుంది. ఇంత ఓపికగా చేసిన పని నేను ఇంకెక్కడా చూడలేదు.

అసలు ఉత్తరాల రుచి కూడా తక్కువేం కాదు. 1855 మార్చిలో దూరపు వరస సోదరుడు ఫాక్స్‌కి రాస్తూ, నీ దగ్గర పావురాలు ఉండే ఉంటాయి, అవి లక్కా పావురాలైతే (తోక విసనకర్రలా విప్పుకునేవి) ఎంత బాగుండు అంటాడు. పిల్లలకు తోక ఈకలు లెక్కపెట్టేంతగా ఎప్పుడు వస్తాయో చెప్పమంటాడు. మామూలు పావురానికి 12 తోక ఈకలుంటే లక్కాకి 30, 40 ఉంటాయి. ఆ తేడా పిల్ల గుడ్డులోంచి వచ్చినప్పుడే ఉందా, పెరిగాక వచ్చిందా అన్నది ఆయనకు కావాలి. అదే ఏడాది నవంబరుకల్లా భూగర్భ శాస్త్రవేత్త లైల్‌ని ఇంటికి పిలుస్తూ, నా పావురాలను చూపిస్తాను, మనిషికి ఇవ్వగలిగిన విందుల్లో అంతకంటే గొప్పది లేదు అని రాశాడు. పావురాలు పెంచిన ఎవరికైనా ఆ వాక్యం అర్థమవుతుంది.

ఇక నన్ను కదిలించేసిన ఉత్తరం 1856 జనవరి 23 నాటిది, వాల్టర్ ఇలియట్ అనే ఆయనకు రాసింది. పేరు దగ్గర ఇచ్చిన పరిచయం చదివాను. మద్రాసు సివిల్ సర్వీసు. మాది గుంటూరు, చిన్నప్పటి నుంచి అమరావతికి వెళ్లి వస్తున్నవాణ్ని. 1845లో అక్కడి స్తూపం రాళ్లను తవ్వించి మద్రాసుకు పంపిన ఇలియట్ పేరు మా ఊళ్లో కాస్త చరిత్ర తెలిసినవాళ్లందరి నోటా వింటూ ఉంటాం. ఆ రాళ్లు తర్వాత లండన్ చేరాయి, ఇప్పటికీ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ ఇలియటే ఈ ఇలియట్. ఆయన మీద మాకుండే కోపం నాకూ ఉంది, అది ఇప్పటికీ పోలేదు. కానీ అదే మనిషి తెలుగు ప్రాంతాల మొక్కలకు తెలుగు పేర్లు సేకరించి 1859లో ఫ్లోరా ఆంధ్రికా వేశాడు. సరిగ్గా అదే ఏడాది వచ్చిన డార్విన్ జాతుల పుట్టుక పుస్తకం మొదటి అధ్యాయంలో, ఇండియా నుంచి పావురాల చర్మాలు పంపినందుకు ఇలియట్‌కి కృతజ్ఞతలు ఉన్నాయి. ఆ లైను అంతకు ముందు ఎన్నోసార్లు చదివాను. ఉత్తరం చూశాకే అది మా వైపు మనిషి పేరని తెలిసింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చర్మాలతో ఆగలేదు. సయ్యద్ మొహమ్మద్ ముసారి అనే ఆయన పావురాల మీద రాసిన పాత గ్రంథానికి అనువాదం కూడా ఇలియట్ వల్లే డార్విన్‌కి అందింది. ఆ రచయిత 1770లో చనిపోయాడు. 1868లో వచ్చిన పెంపుడు జంతువుల వైవిధ్యం పుస్తకంలో డార్విన్ దాన్ని వాడుకున్నాడు. లోటన్ పావురం సంగతి కూడా అందులో ఉంది. దాన్ని కాస్త ఊపి నేల మీద పెడితే చాలు, తలకిందులుగా పల్టీలు కొడుతూనే ఉంటుంది. చేతిలోకి తీసుకుని మొహం మీద ఊదితే గానీ తేరుకోదు. 1600కు ముందే, అక్బరు కాలం నాటి ఐనీ అక్బరీ గ్రంథంలో దీని గురించి రాసి ఉందని, అంటే ఇన్ని తరాలుగా ఆ అలవాటు వంశపారంపర్యంగా వస్తోందని డార్విన్ ఆశ్చర్యపోతాడు.

ఇంతా పొగిడాక ఒక మాట చెప్పాలి. ఈ పక్షుల ఉత్తరాల్లో అసలు హీరో టెగెట్‌మైయర్. లండన్‌లో కోళ్లు, పావురాలు బాగా తెలిసినవాడు. డార్విన్ అడిగినప్పుడల్లా పక్షుల్ని, సమాచారాన్ని అందించాడు. ఆయనకు డార్విన్ రాసినవి చాలానే మిగిలాయి, ఆయన జవాబులు మాత్రం చాలావరకు లేవు. పక్కగదిలో ఎవరో ఫోన్ మాట్లాడుతుంటే ఒకవైపే వినపడినట్టు ఉంటుంది. ఆయన ఏం చూశాడో, ఎక్కడ కాదన్నాడో, డార్విన్ థ్యాంక్స్ చెప్పిన తీరును బట్టి ఊహించుకోవాల్సిందే. ఫుట్‌నోట్లు ఎంత బాగున్నా ఆ లోటు తీర్చలేవు. కలకత్తాలో మ్యూజియం చూసుకున్న ఎడ్వర్డ్ బ్లైత్ విషయంలో మనకు అదృష్టం ఉంది, ఆయన పొడవాటి ఉత్తరాలు దక్కాయి. మన మూపురం ఉన్న పశువులు యూరప్ పశువులకంటే వేరే మూలం నుంచి వచ్చాయని డార్విన్ నమ్మింది బ్లైత్ ఇచ్చిన సమాచారంతోనే. ఒంగోలు ఎడ్లను చూసి పెరిగినవాళ్లకు ఆ భాగం బాగా నచ్చుతుంది. కాకపోతే బ్లైత్ ఒక విషయంలోంచి ఇంకో విషయంలోకి దూకేస్తాడు. ఫుట్‌నోట్లు చూస్తూ ఒక ఉత్తరం పూర్తిచేసేసరికి ఒక్కోసారి నాకు సాయంత్రమంతా పట్టేది.

అందరికీ నచ్చుతాయా అంటే చెప్పలేను. నాకు ఇంట్లో పావురాలున్నాయి, ఊరు గుంటూరు, పాత ఇంగ్లీషు చదవడానికి ఓపిక ఉంది. ఇవేవీ లేకపోతే ముందు జాతుల పుట్టుక మొదటి అధ్యాయం చదివి చూడండి. తెల్ల లక్కానీ బార్బ్ అనే జాతి నల్ల పావురాన్నీ కలిపితే, మనవళ్ల తరంలో మన గుడి గోపురాల మీద వాలే నీలిపావురం రంగు, రెక్క మీద రెండు నల్ల పట్టీలు మళ్లీ బయటపడిన సంగతి అక్కడుంది. అది పట్టుకుంటే ఉత్తరాల్లోకి రండి, 1855 మార్చి నుంచి మొదలుపెట్టండి. ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద అయితే ఉత్తరమూ ఫుట్‌నోటూ పక్కపక్కనే పెట్టుకోవచ్చు.