టాపెనిష్‌లో ఒక రాత్రి, యాకమా వాళ్ళ నేల మీద

సియాటిల్ తెలుగువాళ్ళం చాలామందిమి చెర్రీలు కోసుకోడానికి యాకిమా ఊరికి వెళ్తాం, పెట్టెలు నింపుకుని సాయంత్రానికల్లా ఇంటికొచ్చేస్తాం. ఈసారి ఇంకో ఇరవై మైళ్ళు ముందుకెళ్ళి, యాకమా అనే అమెరికా మూలవాసుల రిజర్వేషన్‌లో (అంటే వాళ్ళకంటూ ఉంచిన నేలలో) ఉన్న టాపెనిష్ ఊళ్ళో ఒక రాత్రి ఉన్నాం. ఇన్నేళ్ళూ పక్కనుంచే వెళ్ళిపోయామే అని చాలా బాధేసింది.

వెళ్తే ముందు యాకమా నేషన్ మ్యూజియంకి వెళ్ళండి, రెండు గంటలైనా పెట్టుకోండి. నన్ను అక్కడే నిలబెట్టేసింది టైమ్ బాల్. పూర్వం ఆడవాళ్ళు నార తాడుకి ముడులు వేసుకుంటూ, పెళ్ళి, కాన్పు లాంటి రోజులకి పూసలు కట్టుకుంటూ, దాన్ని ఉండగా చుట్టుకునేవాళ్ళట. ముసలితనంలో ఆ ముడులు తడుముకుంటూ జీవితమంతా గుర్తు చేసుకునేవాళ్ళు, పోయాక ఆ ఉండని ఆమెతోనే పూడ్చేవాళ్ళు. మా అమ్మమ్మ కొంగున వేసుకునే ముడి గుర్తొచ్చింది.

1855లో అమెరికా ప్రభుత్వంతో జరిగిన వాలా వాలా ఒప్పందంతో, యాకమా నేషన్‌గా కలిసిన 14 తెగలు, గుంపులు కోటి ఎకరాలకు పైగా వదులుకోవాల్సి వచ్చింది, పాత చోట్ల చేపలు పట్టుకునే హక్కు మాత్రం నిలుపుకున్నారు. ఆ ఒప్పందం తాలూకు మ్యాప్ కాస్తా సర్కారు ఫైళ్ళలో ఎక్కడో పడిపోయి, వాళ్ళు పాటో అని పిలుచుకునే మౌంట్ ఆడమ్స్ కొండ తూర్పు వైపు చేజారితే, 21,000 ఎకరాలు తిరిగి రావడానికి 1972 దాకా పట్టింది!

అక్కడి పాత సైనిక కోట ఫోర్ట్ సిమ్కో పచ్చగా, శుభ్రంగా ఉంటుంది. కానీ సైన్యం వెళ్ళాక అదే యాకమా పిల్లల్ని ఉంచి సొంత భాష మాన్పించిన బోర్డింగ్ స్కూలు. అది తెలిశాక ఆ గడ్డి మీద తెచ్చుకున్న పులిహోర విప్పడానికి మనసు రాలేదు. ఆ భాషకే యాకమా పెద్దావిడ వర్జీనియా బీవర్ట్ గారు ఎనభై దాటిన వయసులో, 2009లో, నిఘంటువు తెచ్చారు.

బసకి వస్తే, హైవే పక్కన చవక మోటెల్ తీసుకుని తప్పు చేశాం, గదంతా సిగరెట్ కంపు, అర్ధరాత్రి గది మార్పించుకోవాల్సి వచ్చింది. ఈసారి వెళ్తే యాకమా వాళ్ళదే అయిన లెజెండ్స్ హోటల్‌లోనే ఉంటాం, డబ్బు వాళ్ళకే చేరుతుంది. క్యాసినో ఉన్నా అక్కడ మందు అమ్మరు, పిల్లలతో వెళ్ళేవాళ్ళకి అదో నిశ్చింత. తిండికి ఊళ్ళో మెక్సికన్ కొట్లు బోలెడు, శాకాహారులకి బీన్స్ బరిటో దొరుకుతుంది.

ఒక్క మాట, రిజర్వేషన్‌లో పడమటి కొండల వైపు చాలా భాగం బయటివాళ్ళకి మూసే ఉంటుంది. బోర్డు కనిపిస్తే కారు వెనక్కి తిప్పేయండి.