నల్లగొండలో ఒక డిజిటల్ ప్రింటింగ్ షాపు: ఇరవై చైనా తోట బొమ్మలతో నా అనుభవం

బస్టాండు వైపు పోయే దారిలో ఉన్న ఈ షాపుకు ప్రధానమైన పని నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీలే. నేను తీసుకువెళ్లిన పని మాత్రం వేరు. చైనాలోని జియాంగ్సు ప్రాంతంలో, నేటి చాంగ్జౌ నగరంలో వూ లియాంగ్ అనే అధికారికి జి యువాన్ అనే తోట ఉండేది. ఆ తోట ఇప్పుడు లేదు. జాంగ్ హోంగ్ అనే చిత్రకారుడు 1627లో దాన్ని ఇరవై పుటల్లో గీశాడు; ఆ పుటలు కొన్ని లాస్ ఏంజెలెస్‌కు, కొన్ని బెర్లిన్‌కు చేరాయి. నేను సంపాదించిన డిజిటల్ ప్రతులను మూడడుగుల వెడల్పున ప్రింటు తీయించి, వాటిని చూసి తోట నక్షా గీసుకోవాలన్నది నా ప్రయత్నం.

మొదటి విడత నిరాశపరిచింది. ఇంచుమించు చదరంగా ఉండే బొమ్మలు కాగితం నిండా రావాలని పైనా కిందా అంగుళాల కొద్దీ కోసేశారు. గోడకు వేలాడదీసే బొమ్మకైతే అది పెద్ద నష్టం కాదు. కానీ ఈ చిత్రాల్లో మొదటి పుట తోటనంతా ఎత్తునుంచి చూపితే, మిగిలినవి లోపల ఒక్కొక్క చోట నిలబడి చూసినట్టు ఉంటాయి. ఒక పుట అంచున సగం కనిపించే మండపమే మరో పుటలో నడిమధ్యన ఉంటుంది. రెండు పుటలను కలిపే ముడి ఆ అంచులోనే ఉంటుంది గనుక, అంచు పోతే దారి తప్పినట్టే.

రెండో తప్పు మంచి మనసుతో చేసింది. "సార్, బొమ్మ మబ్బుగున్నది, జర వెలుగు పెంచిన" అన్నాడు ఆపరేటరు. "ఆ మబ్బే మనకు కావాలె తమ్మీ" అన్నాను. వెలుగు పెంచేసరికి దూరపు గట్టు, దాని వెనుక పలుచని రేఖలు తెల్లకాగితంలో కలిసిపోయాయి. మింగ్ కాలపు తోటల రూపకర్త జి చెంగ్ గోడ అవతలి కొండలను సైతం దృశ్యంలోకి అరువు తెచ్చుకోవాలన్నాడు. మా మేడ మీద నిలబడితే లతీఫ్ సాహెబ్ గుట్ట మా పెరటిదే అనిపించినట్టు. అందువల్ల ఆ రేఖలు అలంకారం కావు, తోట ఏ దిక్కుకు తెరుచుకుందో చెప్పే సాక్ష్యం.

ఆ కుర్రాడు మొదటి పుటను కంప్యూటరు మీద పెద్దది చేసి, మండపం స్తంభాలను వేలితో నాతో పాటు లెక్కపెట్టాక, పని తీరే మారిపోయింది. అంచులు కోయకుండా చుట్టూ తెల్ల మార్జిన్ వదిలి, రంగులు ముట్టుకోకుండా, ట్యూబ్‌లైటు మెరుపు కొట్టని మ్యాట్ కాగితం మీద ఇరవై పుటలూ మళ్లీ తీసిచ్చాడు. రెండో విడతకు పైసా అడగలేదు. పుటకు 280 రూపాయలు తీసుకున్నారు. ఆకుపచ్చ కాస్త ముదిరింది గాని, నా పనికి అడ్డు రాలేదు.

ఇప్పుడు ఆ ప్రింట్లు మా హాలు నేల మీద పరిచి ఉన్నాయి. వూ లియాంగ్ స్వయంగా రాసుకున్న వర్ణన బీజింగ్‌లోని జాతీయ గ్రంథాలయంలో దొరకడంతో తోట యజమాని, స్థలం తేలాయి. తోట యాభై ‘మూ’లకు (మూ అంటే చైనా భూమి కొలత) మించి ఉందనీ, అంటే మన లెక్కలో ఏడెనిమిది ఎకరాలనీ, పదింట నాలుగు పాళ్లు నీరేననీ అందులో ఉంది. నా నక్షాలో నీలి పెన్సిలు పూసిన భాగం అంతకు తగ్గితే ఏదో చెరువును ఇరుకుగా గీశానని అర్థం. అప్పుడు మళ్లీ ప్రింట్ల దగ్గరికి వెళ్లి గట్టు వంపు చూడవలసిందే. బొమ్మలనూ రాతనూ ఇలా ఎదురెదురుగా పెట్టి పరిశోధకులు చేయించిన నమూనా ఒకటి బీజింగ్ తోటల మ్యూజియంలో ఉంది.

ఈ షాపుకు పాత పటాలు, భూమి నక్షాలు తీసుకువెళ్లేవారు "కోయవద్దు, వెలుగు మార్చవద్దు" అని ముందే కాగితం మీద రాసివ్వండి. ఉదయం పదకొండు దాటాక ఫ్లెక్సీల రద్దీ మొదలవుతుంది. అప్పుడు ఎవరి మాటా ఎవరికీ వినపడదు.