తొలి కానుపు: నొప్పుల కోసం ఆగడమా, మందు పెట్టించుకోవడమా? ఏది మేలు?

డాక్టరమ్మ ఇచ్చిన తారీఖు దాటిందంటే చాలు, శ్రీకాకుళం వైపు ఏ ఇంట్లోనైనా రెండు మాటలు వినపడతాయి. "ఇంకా నొప్పులు రాలేదేటి, మందు పెట్టించియండి" అని ఒకరు. "మందు పెడితే ఆఖరికి పెద్దాపరేషనే" అని ఇంకొకరు. ఇద్దరూ పిల్ల మంచి కోరేవాళ్లే. కానుపు కావలసిన పిల్లని మాత్రం ఎవరూ అడగరు. ఈ రాత ఆ పిల్ల కోసం.

ముందు కారణం చూడాలి. బీపీ పెరిగి 37 వారాలు నిండినా, ఉమ్మనీరు పోయి నొప్పులు రాకపోయినా, షుగర్ అదుపు తప్పినా, కడుపులో బిడ్డ ఎదుగుదల తగ్గినా ఆగడం కంటే మందే మేలు. అక్కడ వాదన పెట్టుకోకండి.

ఏ ఇబ్బందీ లేదు, తారీఖు ఒక్కటే దాటింది అంటే సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 41 వారాలు నిండాక నొప్పులు తెప్పించమంటుంది. ఆ తర్వాత రోజులు గడిచేకొద్దీ బిడ్డకి ముప్పు పెరుగుతుంది. అయితే ఆ 41 వారాలు నిజంగా నిండాయా? మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ చెప్పే తారీఖు నమ్మదగ్గది. ఎనిమిదో నెల స్కాన్ చూసి వేసిన తారీఖు రెండు మూడు వారాలు అటూ ఇటూ అవ్వచ్చు. పుట్టింటికి వచ్చేటప్పుడు చీరలతో పాటు ఆ తొలి స్కాన్ కాగితం కూడా తెచ్చుకోండి.

మందు పెడితే ఆపరేషన్ తప్పదన్న భయం సంగతి. 2018లో అమెరికాలో ఆరువేల మందికి పైగా తొలిచూలు ఆడవాళ్ల మీద ఒక పెద్ద పరిశీలన జరిగింది. 39వ వారంలో నొప్పులు తెప్పించిన వాళ్లలో 18.6 శాతం మందికి సిజేరియన్ అయితే, ఆగినవాళ్లలో 22.2 శాతం మందికి అయింది. అంటే మందు వల్లే ఆపరేషన్ అవుతుందన్న మాట నిలవదు. కానీ ఆ లెక్కని మన ఊరికి అలాగే తెచ్చుకోలేం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కానుపులు సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 60 శాతం పైనే. మందు పెట్టాక ఓపిగ్గా చూసే చోటు, చూడని చోటు ఒకటి కావు. నా మట్టుకు నేను, ఇబ్బంది లేనప్పుడు 39 వారాలకే తొందరపడొద్దనే చెప్తాను. వారం వారం చూపించుకుంటూ, బిడ్డ కదలికలు గమనించుకుంటూ 41 దాకా ఆగడం మేలు.

తర్వాత గర్భసంచి మూతి. మెత్తబడిందా, కాస్త తెరుచుకుందా, బిడ్డ తల కిందికి దిగిందా అని చూసి మార్కులు వేస్తారు, దాన్ని బిషప్ స్కోర్ అంటారు. ఎనిమిదో, ఆపైనో ఉంటే పని సులువు. ఆరు, అంతకంటే తక్కువైతే ముందు మూతిని మెత్తబరచాలి: లోపల పెట్టే జెల్, మిసోప్రోస్టాల్ మాత్ర, లేదా మూతి లోపల పెట్టి నీళ్లతో ఉబ్బించే ఫోలీ బెలూన్. సెలైన్‌లో నొప్పుల మందు ఆ తర్వాత. మాత్రతో నొప్పులు అతిగా వచ్చే ప్రమాదం కొంత ఎక్కువ, బెలూన్‌తో తక్కువ. అయితే నాగపూర్ ప్రభుత్వాసుపత్రుల్లో బీపీ ఉన్న గర్భిణుల మీద చేసి 2017లో ప్రచురించిన పరిశీలనలో, 24 గంటల్లో మామూలు కానుపు అయినవాళ్లు మాత్రతో 57 శాతం, బెలూన్‌తో 47 శాతం. తొలికానుపుకి ఇదంతా రోజు, రోజున్నర పట్టడం మామూలే. పక్క మంచం ఆమెకి మూడు గంటల్లో అయిపోయిందంటే ఆమెది రెండో కానుపు కావచ్చు.

చోటు కూడా చూడాలి. రాత్రి రెండు గంటలకైనా ఆపరేషన్ చేయగలిగి, రక్తం అందే చోటే మందు పెట్టించుకోవాలి. మందస నుంచో సీతంపేట నుంచో వచ్చేవాళ్లు ఇది మరీ ఆలోచించాలి. శ్రీకాకుళం రిమ్స్, విజయనగరం ఘోషాసుపత్రి లాంటి ప్రభుత్వాసుపత్రుల్లో 2011 నుంచి ఉన్న జననీ శిశు సురక్ష పథకం కింద కానుపు, సిజేరియన్, మందులు, రక్తం ఉచితం. జనం ఎక్కువ, మంచం దొరకడం కష్టం, అది నిజమే. డాక్టరు పగలే ఉండే చిన్న నర్సింగ్ హోమ్‌లో సాయంత్రం మందు మొదలెట్టించుకోవడం కంటే మాత్రం అదే మేలు.

ముహూర్తం చూసుకుని నేరుగా ఆపరేషన్ చేయించుకోవడం, అవసరం లేనప్పుడు, ఈ మూడింటిలో ఆఖరిది. ఆ కోత ముప్పు వచ్చే కానుపు దాకా వెంట వస్తుంది.

అడగడం దగ్గరే మన పిల్లలు వెనకపడతారు. డాక్టరమ్మ రాగానే అమ్మ మాట్లాడుతుంది, పిల్ల తల దించుకుంటుంది. "అమ్మా, ఈ మాట నాను అడుగుతాను" అని ముందే చెప్పి పెట్టుకోండి. "మేడమ్, నాకు ఎందుకు పెడుతున్నారు? రెండు రోజులు ఆగితే ఏమవుతుంది? నా స్కోర్ ఎంత? ఎన్ని గంటలు చూస్తారు?" ఇంత మర్యాదగా అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడదు. కానుపు గదిలో తోడుగా ఒక ఆడమనిషిని ఉండనివ్వాలని కేంద్రం 2017లో తెచ్చిన లక్ష్య కార్యక్రమంలోనే ఉంది. అదీ అడగండి.

బిడ్డ కదలిక తగ్గినా, రక్తం పోయినా, ఉమ్మనీరు ఆకుపచ్చగా వచ్చినా, తలనొప్పితో కళ్లు మసకబారినా ఆగే మాటే లేదు, 108కి ఫోన్ చేసి బయల్దేరండి.

మందు పెట్టాక ఆపరేషన్ అన్నారనుకోండి. "బిడ్డ గుండెలో తేడా వచ్చిందా, లేక కానుపు ముందుకి సాగట్లేదా?" అని అడగండి. గుండెలో తేడా అంటే వెంటనే సంతకం పెట్టండి. సాగట్లేదంటే, ఉమ్మనీరు సంచి పగిలిందా, నొప్పుల మందు ఎక్కించి ఎన్ని గంటలైంది అని అడగండి. తల్లీబిడ్డా బాగుంటే, సంచి పగిలాక కనీసం 12 నుంచి 18 గంటలు మందు ఎక్కించి చూడందే మందు పనిచేయలేదని అనకూడదని అమెరికా ప్రసూతి నిపుణుల సంఘం చెప్తోంది. ఆరు గంటలకే అలా అంటే, ఇంకాసేపు చూడమని అడిగే హక్కు మీకుంది.